ఉచితమన్నా మూడో రోజుకే పిల్లలు ఖాళీ, ఎందుకో చెప్పండి

బొంగరం:
పొద్దుటి నుంచి ఇదే ఆలోచనతో తల వేడెక్కిపోయింది. వేసవి సెలవుల్లో పేద పేటల పిల్లల కోసం ఉచిత శిబిరం పెట్టాం. బొమ్మలు గీయడం, కాగితం మడతలు, బంతాట, కథలు. రంగులూ కాగితాలూ మావే. మొదటి రోజు నలభై మందికి పైగా వచ్చారు. మూడో రోజు ఆరుగురు! కరపత్రాలు మళ్ళీ పంచాం, మైకులో చెప్పించాం, ఫలితం లేదు. ఉచితంగా ఇస్తే విలువ ఉండదంటారు, అదేనా కారణం? కొద్దిగా రుసుము పెడితే వస్తారా?

చెట్టునీడ:
వయసు? వేళ? దూరం?

పాత పంతులు:
అసలు ఆటలతో ఎందుకు మొదలుపెట్టారు? సెలవుల్లో పిల్లలు చదువు మరిచిపోతారు. అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను పరిశీలించి, సగటున ఒక నెల చదువుకు సమానమైన నష్టం ఉంటుందని తేల్చింది. చదవడం కంటే లెక్కల్లో నష్టం ఎక్కువ. రోజూ ఒక గంట లెక్కలు పెట్టండి, తల్లిదండ్రులే పంపిస్తారు.

గిలక:
పంతులుగారూ, ఆ పాత ఫలితాల మీద 2019లో పాల్ వాన్ హిపెల్ అనే మరో పరిశోధకుడు గట్టి సందేహాలే లేవనెత్తారు. అప్పటి పరీక్షలకు మార్కులు కట్టిన పద్ధతిలోనే లోపం ఉందన్నారు. అయినా సెలవుల్లో కూడా లెక్కలంటే ఆ ఆరుగురూ రారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ప్రకారం ఆట పిల్లల హక్కు. ఇంకొకటి, కరపత్రంలో ‘పేద పేటల పిల్లలు’ అని అచ్చు వేశారా? వేసి ఉంటే ఆ కాగితం చేతబట్టుకుని ఏ పిల్లవాడు గర్వంగా వస్తాడు?

పాత పంతులు:
పేదను పేద అనకపోతే ఏమనాలి? ‘వెనుకబడిన’ అంటే బాగుంటుందా?

గిలక:
వాళ్ళు వెనుకబడలేదు, వసతులు వాళ్ళ దాకా రాలేదు. పేట పేరు రాస్తే చాలదా?

చెట్టునీడ:
అడిగింది మూడే ప్రశ్నలు.

బొంగరం:
క్షమించండి, అవి ముఖ్యమనుకోలేదు. పదకొండు నుంచి రెండు దాకా, మా సంఘం హాలులో. దూరమేమీ కాదు, మధ్యలో పెద్ద రోడ్డు ఉంది, అంతే. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు. కొందరు చంటివాళ్ళను చంకనేసుకుని వచ్చారు. ఆ అల్లరి పడలేక రెండో రోజు వెనక్కి పంపాం.

చెట్టునీడ:
జవాబు మీరే రాశారు.

అరుగు:
చాలాచోట్ల పెద్దవాళ్ళు పనికి వెళితే చిన్నవాళ్ళను చూసుకునేది ఆ పదేళ్ళ పిల్లే. తమ్ముడిని వద్దంటే అక్కనూ వద్దన్నట్టే. హాలులో ఒక మూల చాప పరిచి, చిన్నవాళ్ళతో ఒక మనిషిని కూర్చోబెట్టండి. నిజానికి హాలే వద్దు. నడినెత్తిన ఎండలో, లారీలు తిరిగే రోడ్డు దాటించి ఏ తల్లి పంపుతుంది? సామాను ఒక పెట్టెలో సర్దుకుని, ఎండ తగ్గాక మీరే వాళ్ళ సందులోకి వెళ్ళండి. న్యూయార్క్‌లో 1914లోనే పోలీసులు వీధిని వాహనాలకు మూసి పిల్లలకు ఆటస్థలంగా ఇచ్చారు. మీకు అంత అవసరం లేదు, ఆట సాగే గంటన్నర బళ్ళు రాకుండా చూసేందుకు అక్కడివాళ్ళనే ఇద్దరిని అడగండి. ఏ రోజు పని ఆ రోజే పూర్తయ్యేలా పెట్టుకోండి. నిన్న రాని పిల్ల ఈరోజు వచ్చినా బిక్కమొహం వేయకూడదు. తాగునీళ్ళు మరవకండి. రుసుము మాట మాత్రం ఎత్తకండి. రుసుముంటే, ముగ్గురు రావాల్సిన ఇంటి నుంచి ఒక్కరే వస్తారు, ఇద్దరు ఇంట్లోనే ఉండిపోతారు.

పాత పంతులు:
సందులో లెక్కలు ఎలా చెబుతారు?

గిలక:
తొక్కుడుబిళ్ళ గళ్ళలో అంకెలు వేసి.

బొంగరం:
సాయంత్రం ఐదుకు మార్చాం. పెట్టె దొరికింది, చాప ఇంకా చూడాలి. నిన్న పంతొమ్మిది మంది వచ్చారు, చంటివాళ్ళతో కలిపి. ధన్యవాదాలండీ.

పాత పంతులు:
కరపత్రంలో ఏ మాట వాడాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.