తవుడులోంచి తీసిన ఫెరులిక్ యాసిడ్‌తో మిల్లు చప్పుడుకి పోయిన వినికిడి తిరిగొస్తుందా?

గుంటూరు_కారం: మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో రింగ్‌ఫ్రేమ్‌ల మధ్య పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు టీవీ ఎంత పెంచినా ఆడవాళ్ల మాటలు అర్థం కావట్లేదంటారు, రాత్రయితే చెవిలో ఒకటే గుయ్యిమని హోరు. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, 4000 హెర్ట్జ్ (సన్నటి కీచు శబ్దాలు) దగ్గర గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. డాక్టరు వినికిడి మిషన్ పెట్టుకోమంటే ససేమిరా అంటున్నారు. ఇంతలో మా బావ, బియ్యపు తవుడులో ఉండే ఫెరులిక్ యాసిడ్ చెవులకి పనిచేస్తుందని ఎక్కడో చదివి క్యాప్సూల్స్ లింకు పంపాడు. ఇప్పించమంటారా?

ఫార్మా_పిచ్చోడు: పరిశోధన నిజమే అండీ, రోమ్‌లో చేశారు, కానీ గినీ పందుల మీద. అసలు మెలిక ఏంటంటే మందు మొదటి డోసు చప్పుడు వినిపించకముందే ఇచ్చారు, తర్వాత కొన్ని రోజులు కొనసాగించారు. ఇలాంటి టెస్టుల్లో జంతువుకి మత్తిచ్చి, తల దగ్గర సన్నటి సూదులు గుచ్చి, చెవిలో టిక్ టిక్‌మని శబ్దం పంపి మెదడు దాకా సిగ్నల్ వెళ్తోందా అని చూస్తారు. చివరికి లోపలి చెవి బయటికి తీసి మైక్రోస్కోపు కింద శబ్దాన్ని పట్టే రోమ కణాలు వరసల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. పెద్ద మోతకి ఆ కణాల్లో వాటినే దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుట్టుకొస్తాయి, మోత ఆగాక కూడా కొన్ని రోజులు పుడుతూనే ఉంటాయి. వాటిని అడ్డుకునే ఫెరులిక్ యాసిడ్‌లాంటి యాంటీ ఆక్సిడెంట్ ఏమైనా చేయగలిగితే ఆ కాస్త వ్యవధిలోనే. మీ నాన్నగారి కణాలు ఎప్పుడో పోయాయి. కోళ్లకైతే మళ్లీ మొలుస్తాయి, మనకి ఆ భాగ్యం లేదు.

లక్ష్మి_వైజాగ్: మరి పసుపు? మా అత్తయ్య మిరియాలు కలిపి పాలల్లో తాగుతుంది, చెవి హోరుకి గింకో (ఒక చెట్టు ఆకుల సారం) బిళ్లలు కూడా వేసుకుంటుంది.

ఫార్మా_పిచ్చోడు: మిరియం సంగతి నిజమేనండి, 1998లో బెంగళూరులో చేసిన స్టడీలో మిరియాల్లో ఉండే పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే మనుషుల్లో పసుపులోని కుర్కుమిన్ ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగింది. అయితే రక్తంలోకి చేరడం వేరు, లోపలి చెవికి చేరడం వేరు, మధ్యలో ఇంకో అడ్డుగోడ ఉంది. ఇక గింకో అంటారా, ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2022 సమీక్షలో హోరుకి దానివల్ల ఒరిగిందేమీ పెద్దగా కనబడలేదు.

ఆడియాలజిస్ట్_అక్క: గుంటూరు తమ్ముడూ, నాన్నగారు ఆస్పిరిన్‌లాంటివి ఏమైనా వాడుతున్నారా? రక్తం పలచబడే మందులతో గింకో, కుర్కుమిన్ క్యాప్సూల్స్ కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది, డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. చప్పుడుతో పోయిన వినికిడికి ఇప్పటిదాకా అమెరికాలో మందులకి అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందు ఒక్కటీ లేదు. ఆ డబ్బులు మిషన్ మీద పెట్టండి. చాలా చోట్ల ట్రయల్‌కి ఇస్తారు, మొదట్లో గిన్నెల చప్పుడు కూడా చికాకుగా ఉంటుందని ముందే చెప్పండి, లేకపోతే రెండో రోజే తీసి డబ్బాలో పడేస్తారు.

గుంటూరు_కారం: బీపీ మాత్రతో పాటు ఆస్పిరిన్ వేసుకుంటారు అక్కా. ఆర్డర్ క్యాన్సిల్ చేశా. మా తమ్ముడు ఇప్పుడు అదే మిల్లులో ఉన్నాడు, వాడికి ఇయర్‌ప్లగ్స్ సరిపోతాయా, చెవుల మీద కప్పేసే మఫ్సే కావాలా?

ఆడియాలజిస్ట్_అక్క: ప్లగ్ సరిగ్గా పెట్టుకుంటే చాలా వరకు సరిపోతుంది. చెవి పైభాగం పైకి లాగి, నలిపి సన్నగా చేసిన ప్లగ్ లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోమనండి. సగమే దూర్చి వదిలేస్తే పెట్టుకున్నా పెట్టుకోనట్టే.