అప్‌డేట్: రెండు సాకెట్ల నోడ్‌లో ఓపెన్‌ఎంపీ కోడ్ ఎందుకు నెమ్మదించిందో తెలిసింది

64 కోర్ల నోడ్‌లో, అంటే క్లస్టర్‌లోని ఒక మెషీన్‌లో (రెండు సాకెట్లు, అంటే రెండు ప్రాసెసర్ చిప్‌లు; ఒక్కోదానికి 32 కోర్లు, సొంత మెమరీ), ఓపెన్‌ఎంపీతో (పనిని చాలా థ్రెడ్లకు పంచే పద్ధతి) రాసిన మా స్టెన్సిల్ కోడ్ (ప్రతి గడి విలువను పక్క గడుల నుంచి లెక్కించేది) థ్రెడ్లు 32 దాటాక వేగం పెరగడం లేదని ఇంతకుముందు అడిగాను. మెమరీ ఎక్కడ పడుతోందో చూడమన్న సలహాతోనే ముడి వీడింది. చెప్పినవాళ్లకు చాలా థాంక్స్.

లినక్స్‌లో మాలోక్‌తో మెమరీ అడిగినంత మాత్రాన పెద్ద అరేకి పేజీలు (అసలు మెమరీ ముక్కలు) దక్కవు. ఒక పేజీలో మొదట ఏ థ్రెడ్ రాస్తే, మామూలుగా ఆ థ్రెడ్ నడుస్తున్న సాకెట్ మెమరీలోకే అది వెళ్తుంది. మా కోడ్‌లో అరేలను సున్నా చేసే లూప్ ఒక్క థ్రెడ్ మీదే నడిచేది. మెమరీ ఏ సాకెట్‌లో ఎంత ఉందో చూపే నుమాస్టాట్ కమాండ్‌కి ప్రాసెస్ నంబర్ ఇచ్చి చూస్తే అంతా నోడ్ 0 కాలమ్‌లోనే ఉంది, నోడ్ 1 దాదాపు ఖాళీ (ఇక్కడ నోడ్ అంటే మెషీన్ కాదు, ఒక్కో సాకెట్ మెమరీ). 64 కోర్లూ ఒకే సాకెట్ మెమరీ చానెళ్ల దగ్గర క్యూ కడుతున్నాయన్నమాట.

సున్నా చేసే ఆ లూప్‌కీ పారలల్ ఫర్ (లూప్‌ను థ్రెడ్లకు పంచే ఓపెన్‌ఎంపీ ఆదేశం) పెట్టి, లెక్క చేసే లూప్‌లో ఉన్న స్టాటిక్ షెడ్యూలే ఇచ్చాను; దాంతో ఏ భాగాన్ని లెక్కించే థ్రెడ్ ఆ భాగాన్నే మొదట రాస్తుంది. థ్రెడ్లను కోర్లకు కట్టేసేందుకు (బైండింగ్) ఓఎంపీ ప్లేసెస్ అనే సెట్టింగ్‌కి కోర్స్, ఓఎంపీ ప్రాక్ బైండ్‌కి క్లోజ్ అని ఇచ్చాను. బైండింగ్ లేకపోతే థ్రెడ్లు సాకెట్ మారొచ్చు, అప్పుడు చేసిందంతా వృథా. ఇప్పుడు రెండు కాలమ్‌లూ సమానంగా ఉన్నాయి, 32 దాటాక కూడా వేగం పెరుగుతోంది.

సీ ప్లస్ ప్లస్ వాళ్లు వెక్టర్‌తో జాగ్రత్త: సైజు ఇచ్చి సృష్టించగానే అది ఒకే థ్రెడ్‌తో సున్నాలు నింపేస్తుంది.

ఇంకొకటి. క్లస్టర్‌లో జాబ్‌లు నడిపించే స్లర్మ్ 22.05 వెర్షన్ నుంచి, ఎస్‌బ్యాచ్‌లో (జాబ్ పంపే కమాండ్) ఇచ్చిన సీపీయూస్ పర్ టాస్క్ (ఒక్కో టాస్క్‌కి ఎన్ని కోర్లు) విలువను, జాబ్ లోపల ప్రోగ్రామ్‌ను నడిపే ఎస్‌రన్ తీసుకోవడం ఆగిపోయింది. ఎస్‌రన్ లైన్‌లో కూడా రాయండి, లేదంటే థ్రెడ్లన్నీ ఒకే కోర్‌లో ఇరుక్కోవచ్చు.