పాపకి హెచ్‌పీవీ టీకా వేయించాలా, వద్దా?

కొర్లగుంట అమ్మ:
మా పాపకి పన్నెండు నిండాయి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా టీకా వేయించమని పిల్లల డాక్టర్ గారు చెప్పారు. మా అత్తమ్మ మాత్రం "పెళ్లి కాని పిల్లకి ఆ సూది ఎందుకు, రేపు పిల్లలు పుట్టకపోతే?" అంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ, నాకు ఒకటే టెన్షన్. తిరుపతిలో ఎవరైనా వేయించారా?

చంద్రగిరి రైతు:
మీ అత్తమ్మ చెప్పిందే సరి. మా అమ్మ, మా అవ్వ ఏ టీకా వేయించుకున్నారమ్మా? రాగిసంగటి తిని, చేలో పని చేసి ఎనభై ఏళ్లు బతికినారు. ఖమ్మంలో ఇదే టీకా వేసినాక ఆడపిల్లలు చనిపోయినారని అప్పట్లో పేపర్లన్నీ రాసినాయి. నేనైతే మా మనవరాలికి వేయించను.

మదనపల్లె టీచర్:
ఖమ్మం మాట ఎత్తితే ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. భయమంతా అక్కడే ఉంది.

క్యాన్సర్ వార్డు నర్సు:
నేను చెబుతాను సార్. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. గుజరాత్‌లోనూ వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు చనిపోయారు, 2010లో ఆపేశారు. ఒక పాప క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఒకరు మలేరియాతో, ఇద్దరు పురుగుల మందు తాగి పోయారని విచారణలో తేలింది. మిగతా ఇద్దరి విషయం అంత గట్టిగా తేలలేదు గానీ, టీకా వల్లే అనడానికి ఆధారమూ దొరకలేదు. అలాగని అక్కడ తప్పు జరగలేదని నేను అనను. చాలామంది అమ్మానాన్నలకి చెప్పనే లేదు, హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లే సంతకాలు పెట్టేశారు. పేదోళ్ల బిడ్డలని కదా అంత అలుసు! నాకు ఇప్పటికీ కోపం. కానీ ఆ కోపం వేయించిన పద్ధతి మీద ఉండాలి, టీకా మీద కాదు.

ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆడమనిషి ఎంత పద్ధతిగా ఉన్నా కాపురంలో భర్త నుంచి అంటుకోవచ్చు. సంగటి ఒంటికి మంచిదే, వైరస్‌ని ఆపదు. అంటుకున్నాక టీకా దాన్ని పోగొట్టలేదు, అందుకే 9 నుంచి 14 ఏళ్ల మధ్య, ఒక డోసు గానీ, ఆరు నెలల తేడాతో రెండు డోసులు గానీ వేస్తారు. పిల్లలు పుట్టరన్నదానికి ఆధారం లేదు. స్వీడన్‌లో 17 ఏళ్ల లోపే వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

మా దగ్గరికి పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్ల కథ చాలాసార్లు ఒకటే. ముట్టు ఆగిపోయిన ఏళ్లకి మళ్లీ రక్తం కనబడుతుంది. వేడి చేసిందేమో అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. కొడుక్కి చెప్పాలంటే సిగ్గు, కోడలికి చెప్పాలంటే మొహమాటం. వాసన బయటికి రాకుండా పాత గుడ్డలు మడిచి పెట్టుకుని వస్తారు. అప్పటికి ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోయి ఉంటుంది.

చంద్రగిరి రైతు:
సంతకాల సంగతి నాకు తెలీదమ్మా. మనవరాలి విషయం దాని తల్లి తేల్చుకోవాల. మా ఇంటావిడకి ఈ టీకా పనికొస్తుందా?

క్యాన్సర్ వార్డు నర్సు:
ఆ వయసుకి టీకా కాదు సార్, పరీక్ష. ముఖద్వారానికి పలచటి వెనిగర్ లాంటి మందు రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లబడితే ఇంకా లోతుగా పరీక్షిస్తారు. 30 దాటిన ఆడవాళ్లంతా చేయించుకోవాలి. ముట్టు ఆగాక ఎప్పుడైనా రక్తం కనబడి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రిలో గానీ, అలిపిరి దగ్గరున్న టాటా వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ చూపించండి.

కొర్లగుంట అక్కా, ఈ టీకా వైరస్‌లో అన్ని రకాలనీ ఆపదు, కాబట్టి మీ పాప కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలి. ఎందుకు వేయిస్తున్నారో పాపకి ముందే చెప్పండి. అత్తమ్మని కూడా డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లి, ఆమె అనుమానాలు ఆమెనే అడగనివ్వండి. సూది వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి, ఈ వయసు పిల్లలకి ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి.