అప్‌డేట్: అంజన్ గడ్డి ఎందుకు పలచబడుతోందో తెలిసింది

వానలు బాగానే పడుతున్నా మా గొర్రెలు మేసే అంజన్ గడ్డి ఏటికేడు పలచబడుతోందని అడిగాను కదా, దాని సంగతి ఇది. ఎరువు వేయమని చాలామంది చెప్పారు గానీ, "ముందు వేరు చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. రోజూ మేసే వైపు ఒక దుబ్బు, కంచె అవతల మేయని దుబ్బు ఒకటి తవ్వి పక్కపక్కన పెట్టాం. మేయనిదాని మొదలు లావుగా, గట్టిగా ఉంది. మేసినదాని వేళ్లు పొట్టిగా, కొన్ని నల్లబడి, లాగగానే ఊడొచ్చాయి.

ఈ గడ్డి పిండి పదార్థాన్ని ఎక్కువగా కాండం మొదట్లో దాచుకుంటుంది. ఆకంతా పోతే కొత్త చిగురుకు మొదట అదే ఆధారం. ఆకులు విచ్చుకుని ఆ నిల్వ మళ్లీ నిండేలోపే గొర్రె ఆ లేత చిగురునే వెతికి కొరికేస్తుంది (ముదురుది పక్కనే ఉన్నా ముట్టదు!).

ఇప్పుడు వల కట్టి బీడును నాలుగు భాగాలు చేశాం. గడ్డి 10-15 సెం.మీ. మిగలగానే మందను మారుస్తున్నాం. వానాకాలంలో నెల విరామం సరిపోతోంది. ఎండల్లో క్యాలెండర్‌తో లాభం లేదు, గడ్డిని చూడాల్సిందే. దుబ్బులు గుబురెక్కుతున్నాయి. ఖాళీలు మాత్రం అలాగే ఉన్నాయి, తొలకరికి అక్కడ విత్తనం చల్లుతాం.