నది, అడవి నిర్వహణకు ఎటువంటి వాతావరణ సమాచారం అడగాలి?

ప్రశ్న:
చల్లని నీటి చేపలుండే ఒక నదికీ, దాన్ని ఆనుకుని ఉన్న అడవికీ నిర్వహణ ప్రణాళిక రాసే బృందంలో పనిచేస్తున్నాను. ఈ శతాబ్దాంతానికి సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో చూపే పటాలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వచ్చే వేసవిలో చేపల వేటను ఎప్పుడు ఆపాలో, ఒడ్డు వెంట నీడకోసం చెట్లు ఎక్కడ నాటాలో మాత్రం వాటిని బట్టి తేల్చుకోలేకపోతున్నాము. అనుభవమున్నవారు చెప్పగలరా?

మొదటి జవాబు:
పటాలను పక్కన పెట్టి, ముందు తీసుకోవలసిన నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. ఏ అంకె మారితే ఆ నిర్ణయం మారుతుందో, మీరు అడగవలసింది ఆ అంకెనే. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ట్రౌట్ అనే చల్లని నీటి చేపలుండే నదుల నీరు వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు గాలం వేయడాన్ని ఆపివేసే పద్ధతి ఉంది. అక్కడ చూసేది నీటి వేడిమిని. గాలి ఉష్ణోగ్రతను కాదు, నెలసరి సగటును అసలే కాదు. సముద్ర మట్టం వద్ద 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. నీరు వేడెక్కిన కొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది కూడా. నెల సగటు 18 అని నివేదికలో ఉన్నంత మాత్రాన, సాయంత్రం నాలుగింటికి నీరు 24కు చేరలేదని అర్థం కాదు.

రెండవ జవాబు:
పై సలహా వేట నిషేధానికి సరిపోతుంది. చెట్లు నీడనివ్వడానికి ఏళ్లు పడతాయి కనుక, వాటి విషయంలో మీరు విసుక్కున్న దీర్ఘకాలిక అంచనాలే అక్కరకు వస్తాయి. అయితే ఆ అంచనాలనిచ్చే ప్రపంచ స్థాయి కంప్యూటర్ నమూనాలు భూమిని గడులుగా విభజించి లెక్కిస్తాయి. ఒక్కో గడి వెడల్పు తరచుగా వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, అడుగున ఊట ఉండి చల్లగా నిలిచే మడుగు వాటికి కనిపించదు. దాన్ని మీరే కొలిచి గుర్తించాలి. అడవి వైపు వస్తే, ప్రతి జంతువుకూ ఉష్ణోగ్రతే ముఖ్యమనుకోవడం పొరపాటు. ఉత్తర అమెరికాలోని స్నోషూ కుందేలు బొచ్చు చలికాలానికి పగటి నిడివిని బట్టి తెల్లబడుతుంది. మంచు ఆలస్యంగా పడిన ఏడాది గోధుమరంగు నేల మీద ఆ తెల్లటి కుందేలు వేటాడే జంతువులకు దూరం నుంచే కనబడిపోతుంది. దాని కోసం అడగవలసింది నేలపై మంచు నిలిచే రోజుల సంఖ్య.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాకున్నది వంతెన దగ్గర ఒకే ఒక్క ఉష్ణమాపకం. మరికొన్ని పెట్టాలంటే ఎటువంటి చోటు ఎంచుకోవాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు:
నీరు పారుతూ బాగా కలిసే చోట, వేసవిలోనూ మునిగి ఉండేంత లోతులో, ఎండ నేరుగా తగలకుండా తొడుగు వేసి పెట్టండి. తొడుగు లేకపోతే పరికరమే ఎండకు వేడెక్కి, నీటిని ఉన్నదానికన్నా వేడిగా చూపుతుంది. ఊట మడుగులో మరొకటి విడిగా ఉంచండి కానీ, ఆ రెంటినీ కలిపి సగటు తీయకండి.