39వ సవరణ క్లాజు కొట్టేశాక కూడా ఇందిర ఎన్నిక ఎలా నిలిచింది?

సందేహాలరావు:
రాయ్‌బరేలీ కేసు చదువుతుంటే ఒకచోట లెక్క కుదరడం లేదు. 1971లో రాయ్‌బరేలీ నుంచి ఇందిర గెలిచిన ఎన్నిక చెల్లదని 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు అంది. ఆ తీర్పే చెల్లదంటూ పార్లమెంటు 39వ రాజ్యాంగ సవరణతో 329ఏ అధికరణం తెచ్చి, అందులో క్లాజు 4 పెట్టింది. నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. మరి హైకోర్టు తీర్పుకు మళ్లీ ప్రాణం రావాలి కదా? ఇందిర ఎలా గెలిచారు?

పాతగెజిట్:
మీరు 39వ సవరణనే చూస్తున్నారు. ఆమెను గట్టెక్కించింది అది కాదు, దానికి ముందు ఆగస్టు 6న వచ్చిన మామూలు చట్టం, 1975లోని 40వ నంబరు ఎన్నికల చట్టాల సవరణ.

హైకోర్టు తీర్పు ఇచ్చిన జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా తప్పుపట్టినవి రెండు. ఒకటి, గెజిటెడ్ అధికారిగా ఉన్న యశ్‌పాల్ కపూర్ చేత ప్రచారం చేయించుకోవడం. రెండు, యూపీ అధికారుల చేత సభలకు స్టేజీలు, మైకులకు కరెంటు ఏర్పాటు చేయించుకోవడం. రెండూ ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(7) సెక్షన్ కిందికే వస్తాయి, అంటే ఎన్నికల్లో ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడం.

కపూర్ సంగతి మొత్తం తేదీల మీద నడిచింది. రాజీనామా ఇచ్చింది 1971 జనవరి 13న. ఆమోదిస్తూ ఉత్తర్వు వచ్చింది 25న, అదీ 14 నుంచే అమలన్నట్టు. 25 దాకా ఆయన ప్రభుత్వోద్యోగే అన్నారు సిన్హా. మరి ఆమె అభ్యర్థి అయింది ఎప్పుడు? 1970 డిసెంబర్ 29 ప్రెస్ మీట్‌లో, రాయ్‌బరేలీ వదిలి గుర్గావ్‌కు మారుతున్నారట కదా అని అడిగితే ‘లేదు’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె ఆ రోజు నుంచే అభ్యర్థి అని సిన్హా తేల్చారు.

40వ చట్టం ‘అభ్యర్థి’ నిర్వచనాన్నే మార్చింది. నామినేషన్ వేస్తేనే అభ్యర్థి. ఆమె వేసింది ఫిబ్రవరి 1న, కాబట్టి జనవరిలో కపూర్ చేసిన ప్రసంగాలన్నీ లెక్కలోంచి పోయాయి. రాజీనామా ఎప్పటి నుంచి అమలో గెజిట్‌లో ఉన్న తేదీయే ఖాయం అన్నారు. డ్యూటీలో భాగంగా అధికారులు చేసే ఏర్పాట్లు ‘సాయం’ కిందికి రావన్నారు, స్టేజీల అభియోగమూ పోయింది. ఇవన్నీ వెనకటి తేదీ నుంచి వర్తించేలా రాశారు. క్లాజు పోయింది గనకే అప్పీలు విచారణకు వచ్చింది, కానీ అప్పటికి ఆమె మీద మోపడానికి నేరమే మిగల్లేదు.

లాయర్‌గారి_జూనియర్:
అంత పకడ్బందీ చట్టం చేతిలో ఉండగా రాజ్యాంగ సవరణ ఎందుకు? సుప్రీంకోర్టు బెంచ్ మీద నమ్మకం లేకనే అనిపిస్తుంది. హడావుడి చూడండి: ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ, 9న రాష్ట్రాల అసెంబ్లీలు, 10న రాష్ట్రపతి సంతకం. సుప్రీంకోర్టులో విచారణ 11న. ప్రతిపక్ష నాయకులు చాలామంది అప్పటికే జైల్లో ఉన్నారు.

అతి చేసిందే బెడిసికొట్టింది. చట్టాన్ని మార్చి, దాన్ని వర్తింపజేసే పని కోర్టుకు వదిలితే పార్లమెంటుది శాసనాధికారం అవుతుంది. ఏ చట్టమూ చూపకుండా ‘ఈ ఎన్నిక చెల్లుతుంది’ అంటే అది తీర్పు ఇవ్వడమే. ఐదుగురు జడ్జీల్లో రే, ఖన్నా, మాథ్యూ, చంద్రచూడ్ నలుగురూ క్లాజును కొట్టేశారు, కారణాలు మాత్రం ఎవరివి వాళ్లవే. బేగ్ ఒక్కరే, క్లాజును విచారణకు అడ్డురాని విధంగా చదివి నెట్టుకొచ్చారు.

సందేహాలరావు:
అర్థమైంది. 44వ సవరణతో ఇవన్నీ ఎత్తేశారు కదా?

పాతగెజిట్:
లేదు. 1978లో పోయింది 329ఏ మాత్రమే. నామినేషన్‌తో మొదలయ్యే అభ్యర్థి నిర్వచనం అలాగే ఉంది. అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌లో అభ్యర్థి ఖర్చు లెక్క కూడా నామినేషన్ రోజు నుంచే మొదలవుతుంది, ఆ మార్పూ 40వ చట్టం చలవే. మన దగ్గర లోక్‌సభ అభ్యర్థికి పరిమితి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. అంతకు ముందు నెలల తరబడి కట్టిన ఫ్లెక్సీలు, పెట్టిన విందులు ఆ ఖాతాలోకి ఎక్కవు. నామినేషన్లు ఆఖరి రోజుల్లో ఎందుకు వేస్తారంటే అందరూ ముహూర్తం అంటారు. ముహూర్తం ఒక్కటే కాదు.