బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివిన మా ఆవిడ, మా కుక్కతో డాలస్ వస్తున్నాం: సలహా కావాలి

ప్రశ్న (తిరుపతి నుంచి):
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద డాలస్ వస్తున్నాను. మా ఆవిడ ఇక్కడే బీవీఎస్సీ చేసి మూడేళ్లు క్లినిక్ నడిపింది. హెచ్4 (భార్యాభర్తలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద నాతో వస్తోంది. మాకు నాలుగేళ్ల కుక్క ఉంది. దాన్ని తెచ్చుకోవచ్చా? అక్కడి వైద్యం ఖర్చు తట్టుకోగలమా? తన డిగ్రీ చెల్లుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (డాలస్ పక్కనున్న ప్లేనో నుంచి, పశువైద్యురాలు):
నమస్తే అండీ. నేను హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివి ఇక్కడ లైసెన్స్ తెచ్చుకున్నాను. ముందు కుక్క సంగతి చూడండి, దానికే టైం పడుతుంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా రూల్స్ మారాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. ముందు చర్మం కింద పెట్టే మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. మొదటి టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి, టీకా పనిచేసిందో చూసే పరీక్షకు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) ఒప్పుకున్న ల్యాబ్‌కు పంపాలి. రక్తం తీసిన రోజు నుంచి ప్రయాణానికి కనీసం 28 రోజులు ఉండాలి. ఆ పరీక్ష లేకుండా వస్తే 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మీదే. కాగితాల మీద ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం కావాలి, హైదరాబాద్‌లో ఏక్యూసీఎస్ (కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం) ఆఫీసు ఉంది. కుక్క దిగాల్సింది కూడా సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న ఎయిర్‌పోర్టులోనే. నేను చూసినప్పుడు అట్లాంటా, న్యూయార్క్ ఉన్నాయి, డాలస్ లేదు. టికెట్ కొనేముందు జాబితా చూసుకోండి.

ఇక మీ ఆవిడ డిగ్రీ. దాన్ని పక్కన పెట్టేయనివ్వకండి, ఇది గట్టిగా చెప్తున్నాను. మన కాలేజీలకు ఇక్కడి ఏవీఎంఏ (అమెరికా పశువైద్యుల సంఘం) గుర్తింపు లేదు కాబట్టి, విదేశాల్లో చదివినవాళ్ల కోసం ఉన్న ఈసీఎఫ్‌వీజీ దారిలో రావాలి: సర్టిఫికెట్లు, ఇంగ్లీష్ పరీక్ష, 225 ప్రశ్నల బీసీఎస్ఈ అనే సబ్జెక్టు పరీక్ష, చివర మూడు రోజుల ప్రాక్టికల్. అది కాక 360 ప్రశ్నల నావ్లే అనే లైసెన్స్ పరీక్ష, రాష్ట్ర లైసెన్స్. ప్రాక్టికల్‌కే వేల డాలర్లవుతుంది. అందులో గుర్రం, ఆవుల వైద్యం, కుక్కకు ఆపరేషన్, మత్తు, ఎక్స్‌రే, పోస్ట్‌మార్టం అన్నీ ఉంటాయి. నన్ను భయపెట్టింది గుర్రమే, మన దగ్గర దాని మీద చేయి పడేది తక్కువ. ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకుండా జీతం తీసుకోకూడదు కానీ, పరీక్షలు రాయడానికి అడ్డు లేదు. కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల అధికారిక పత్రాలు) ఇప్పుడే తీసుకోమనండి. ఇక్కడికి వచ్చాక తెప్పించుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

జవాబు (డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి):
ఖర్చు గురించి నేను చెప్తాను. మన దగ్గర 1962కు ఫోన్ చేస్తే పశువైద్య బండే ఊళ్లోకి వస్తుంది. ఇక్కడ ప్రతిదానికీ బిల్లు. డాక్టర్లూ డిగ్రీ తర్వాత మళ్లీ నాలుగేళ్లు చదివి, చాలామంది లక్ష డాలర్లు దాటిన అప్పుతో బయటికి వస్తారు, అది కూడా మన బిల్లులో కలుస్తుంది. వరలక్ష్మీ వ్రతం నాడు మా కుక్క ప్రసాదంలోని కిస్మిస్ తినేసింది. కిస్మిస్, ద్రాక్ష వల్ల కుక్కల కిడ్నీలు పాడవుతాయని అప్పటిదాకా మాకు తెలియదు. రాత్రి ఎమర్జెన్సీలో 1,400 డాలర్లు కట్టాం, బతికింది. ఇన్సూరెన్స్ వచ్చిన వారమే తీసుకోండి, ముందే ఉన్న జబ్బులకు వాళ్లు ఇవ్వరు. హార్ట్‌వార్మ్ మాత్ర నెలనెలా తప్పక వేయండి. ఆ పురుగు దోమకాటుతో వచ్చి గుండె దగ్గర చేరుతుంది, మాత్ర ఖర్చుకూ వైద్యం ఖర్చుకూ పోలికే లేదు. టీకాలకు షెల్టర్లు పెట్టే తక్కువ ధర క్లినిక్‌లు ఉంటాయి, మేమూ అక్కడికే వెళ్తాం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. టీకా మార్చిలో వేయించాం, చిప్ మేలో. ఇప్పుడెలా?

జవాబు (ప్లేనో నుంచి):
ఆ టీకా లెక్కలోకి రాదండీ. మళ్లీ వేయించండి, సర్టిఫికెట్ మీద చిప్ నంబరు రాయించండి. 30 రోజులు ఆ రోజు నుంచే లెక్క. మీరు ముందు వచ్చేయండి, మీ ఆవిడ, కుక్క రెండు నెలల తర్వాత కలిసి బయల్దేరతారు. ఆలోగా ట్రాన్స్‌క్రిప్టులు కూడా చేతికి రావచ్చు.